అన్నయ్య తవ్విన ఉప్పు

శుక్రవారం ఉప్పు గుట్టకు పోదామన్న మాట మొదట ఎవరు అన్నారో గాని, గురువారం సాయంత్రానికి నర్సుల హాస్టలంతా అదే ముచ్చట. గుట్ట కడుపులోకి దారి ఉందట, లోపల గోడలూ పైకప్పూ అన్నీ ఉప్పేనట, మండువేసవిలో కూడా చల్లగా ఉంటుందట. పొద్దున్నే బయల్దేరితే అది చూసేసి, సముద్రం ఒడ్డున భోజనాలు చేసి, పొద్దుగూకేసరికి తిరుగుదారి పట్టొచ్చు. బస్సు ఇవ్వడానికి ఆసుపత్రి మేనేజరు, ముదీర్ అంటారు, ఆయన కూడా ఒప్పుకున్నాడు. ఎవరెవరు వస్తారని అడుగుతూ తోటి నర్సులు మరియకుమారి గదికి వచ్చినప్పుడు ఆమె తల దువ్వుకుంటోంది. దువ్వెన అలాగే పట్టుకుని, "నేనూ వస్తాను" అంది.

ఆ గుట్ట సంగతి ఆమెకు కొత్త కాదు. అబూదాబీ వచ్చిన మొదటి ఏడే అది ఎక్కడుందో వాకబు చేసి తెలుసుకుంది. పడమటి రోడ్డు మీద తరీఫ్ దాటి, ఇంకా చాలా దూరం పోవాలి. తెలుసుకుని ఊరుకుంది. వెళ్ళకుండా ఉన్నంత కాలం అన్నయ్య ఎక్కడో ఒక చోట ఉన్నట్టే అనిపించేది.

అన్నయ్య ఆనందకుమార్ చినగంజాం ఉప్పు మళ్ళలో పెరిగినవాడు. నాన్న వెనకాల మడిలో దిగి ఉప్పు లాగడం నడక నేర్చినంత సులువుగా నేర్చుకున్నాడు. డెబ్బై ఐదులో, పెళ్ళయి ఏడాది తిరక్కముందే, అదే పేటలో ఉండే జోగయ్యతో కలిసి బొంబాయి పోయి లాంచీ ఎక్కాడు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. ఒడ్డు కనపడగానే లాంచీవాడు నడుం లోతు నీళ్ళలో దింపేసి, ఇక మీ తిప్పలు మీరు పడండి అన్నాడట. జోగయ్య కొన్నాళ్ళకే పోలీసులకు దొరికి ఇంటికొచ్చేశాడు. వచ్చి అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"ఆనందు మాత్రం ఒక కంట్రాక్టరు వెంటబడి పోయాడు. పడమటేపు సముద్రం పక్కన ఉప్పు గుట్ట ఉందంట. బావి తవ్వినట్టు లోపలికి తవ్వుకుంటా పోతారంట. మనోడికి ఉప్పు పని తెలుసునని వినగానే రమ్మన్నారు."

అంతే. ఆ తర్వాత ఆనందకుమార్ నుంచి ఏ కబురూ లేదు.

వదిన దయాకుమారి అప్పటికి చిన్నపిల్ల కిందే లెక్క. మిషను స్కూలు హాస్టల్లో వంటపనికి కుదురుకుంది. ఏళ్ళు గడిచేకొద్దీ, ఆమెను శుభకార్యానికి పిలవాలో వద్దో తెలియక జనం పిలవడమే మానేశారు. మిషనాసుపత్రి కాంపౌండరు రత్నబాబు, భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు, పాస్టరుగారి చేత అడిగించాడు. "ఆనందకుమార్ లేడని రూఢిగా తెలిస్తే తప్ప నేను పెళ్ళి జరిపించలేనమ్మా" అన్నారు పాస్టరుగారు. ఆయన అనకపోయినా దయాకుమారి ఒప్పుకునేది కాదు. ఉన్నాడో లేడో తెలియని మనిషిని వదిలి ఎట్లా పోతానంది.

మరియకుమారి అబూదాబీ ప్రయాణమైన రోజు వదిన చీరాల స్టేషను దాకా వచ్చింది. రైలు కదిలేముందు కిటికీ చువ్వలు పట్టుకుని అంది:

"కనపడితే రమ్మను మరియా. రానంటే రానన్నాడని చెప్పు. ఇంకో పెళ్ళి చేసుకుని ఉంటే చేసుకున్నాడని చెప్పు. అసలు లేకపోతే లేడని చెప్పు. ఏదో ఒకటి చెప్పవే. ఇట్లా మాత్రం ఉండలేను."

మూడేళ్ళయింది ఆ మాట అని. మరియకుమారి ఏదీ చెప్పలేదు.

బస్సులో అంత్యాక్షరి మొదలైంది. మలయాళీ పిల్లలు ఒకవైపు, బొంబాయి పిల్లలు ఒకవైపు. మరియకుమారి కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. రోడ్డు పక్కన నేల మీద ఉప్పు పొర కట్టి ఎండకు మెరుస్తోంది. డ్రైవరు షావలి రాయచోటివాడు. హాస్టలు పిల్లల్లో తెలుగు మాట్లాడేది ఈమె ఒక్కతే కాబట్టి కాస్త అభిమానం. తరీఫ్ దగ్గర చాయ్‌కి ఆపినప్పుడు గ్లాసు తెచ్చిచ్చాడు.

"ఏం సిస్టరమ్మా, పొద్దన్నించి ఏమీ ముట్టలేదే. బాగలేదా?"

"ఏం లేదు షావలి గారూ."

"అట్లయితే ముందు సీట్లోకి రా. కుదుపు తక్కువుంటాది."

ముందు సీట్లోకి మారింది. ఆ సీట్లోంచే గుట్ట కనపడింది, ముందు చిన్న మచ్చలాగా, తర్వాత ఎర్రమన్నూ నల్లరాయీ కలిసిన పెద్ద దిబ్బలాగా. ఇదేనా అనుకుంది. బయటి నుంచి చూస్తే అందులో ఉప్పు ఉందని ఎవరూ అనుకోరు.

గని నోటి దగ్గర రేకుల గుడిసె ఉంది. అందులోంచి ఒక పొడుగాటి ముసలి పఠాన్ బయటికి వచ్చాడు. గడ్డానికి గోరింటాకు రంగు, చేతిలో పెట్రోమాక్స్ దీపం. పేరు ఇనాయతుల్లా. తవ్వకం ఆగిపోయి చాలా ఏళ్ళయినా, కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, అతన్ని కాపలాకు ఉంచాడట. వచ్చినవాళ్ళకు లోపల చూపించడం అతనే పెట్టుకున్న పని. హిందీలో మాట్లాడతాడు.

"తలలు వంచండి. ఒకరి వెనక ఒకరు రండి. గోడను పట్టుకోండి, ఏం కాదు, నేను తవ్విన గోడే."

దారి వాలుగా కిందికి దిగింది. నాలుగు అడుగులు వేసేసరికి బయటి ఎండా, గాలి చప్పుడూ రెండూ తెగిపోయాయి. ఇంకాస్త దిగాక పైకప్పు లేచి పెద్ద గది వచ్చింది. ఇనాయతుల్లా దీపం ఎత్తి పట్టాడు. ఆడపిల్లలందరి నోటి నుంచీ ఒకేసారి "అబ్బా!" అన్న చప్పుడు. గోడల్లో తెలుపూ గులాబీ చారలు, మధ్యలో ఎర్ర చారలు, అక్కడక్కడా గాజులాగా మెరిసే ముద్దలు. ఒకామె గోడను నాలికతో తాకి మొహం చిట్లించింది. అందరూ నవ్వారు. మరియకుమారి గోడ మీద గడ్డపార గాట్లు చూస్తోంది. వేళ్ళతో తడిమింది. ఇందులో అన్నయ్య కొట్టిన దెబ్బ ఏదైనా ఉందేమోనని.

ఇనాయతుల్లా గోడలో గూళ్ళలాగా తొలిచిన చోట్లు చూపించాడు.

"ఎండాకాలం మేము ఇక్కడే పడుకునేవాళ్ళం. పైన రేకుల కింద మనిషి ఉడికిపోతాడు. ఇక్కడ స్వర్గం."

ఆ తర్వాత దీపం కింద పెట్టి, అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి అడిగాడు.

"మీలో చింగజామ్ వాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఎవరికీ అర్థం కాలేదు. "చింగజామా? అదేం జామ్ చాచా, మామిడా, జామా?" అని ఒక బొంబాయి పిల్ల అడిగితే మళ్ళీ నవ్వులు. అతను నవ్వలేదు. ఆ నవ్వులకు అలవాటుపడ్డవాడిలాగా నిలబడ్డాడు.

"ఊరి పేరు. మద్రాస్ వైపు. సముద్రం పక్కన, ఉప్పు పండే ఊరు. హిందుస్తాన్ వాళ్ళు ఎవరొచ్చినా అడుగుతాను."

మరియకుమారి పక్కనున్న ఉప్పు అరుగు మీద కూర్చుండిపోయింది. మిగతావాళ్ళు పైకి ఎక్కుతున్నారు.

"చినగంజాం" అంది. "మాది చినగంజాం."

ముసలాయన దీపం ఆమె మొహం దగ్గరికి తెచ్చాడు. చాలాసేపు చూశాడు.

"ఆనంద్‌కి చెల్లెలుండేది. చదువుకుంటోందని చెప్పేవాడు. నువ్వేనా?"

ఆమె తలూపింది. ఉండేది అన్న ఒక్క మాటలోనే ఆమెకు విషయం తెలిసిపోయింది.

తోటి నర్సులు పైనుంచి కేకేశారు. షావలి దిగి వచ్చి, ఇద్దరినీ చూసి, ఏం అనుకున్నాడో, "మీరు ఒడ్డుకు పోయి తింటా ఉండండమ్మా, సిస్టరమ్మను నేను పిల్చుకొస్తా" అని వాళ్ళను పంపేశాడు. తను గని నోటి దగ్గర కూర్చున్నాడు.

ఇనాయతుల్లా ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాడు. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరికి చెప్పాలని దాచిపెట్టుకున్న మాటలు కాబట్టి ఎక్కడా తడుముకోలేదు.

వచ్చిన మొదటి వేసవిలోనే ఆనందకుమార్‌కు జబ్బు చేసింది. నీళ్ళు డ్రమ్ముల్లో పికప్ మీద వచ్చేవి. ఆ వారం వచ్చిన నీళ్ళు ఎట్లాంటివో, చాలామందికి కడుపులు చెడ్డాయి. మిగతావాళ్ళు కోలుకున్నారు. ఇతనికి వాంతులూ విరేచనాలూ ఆగలేదు. ఊళ్ళోకి ఆసుపత్రికి తీసుకుపోదామంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. అక్కడ కాగితాలు అడుగుతారు, ఒక్కడి కోసం అందరూ జైలుకు పోతారన్నాడు.

"నేను పని మానేశాను బేటీ. మేస్త్రీ తిట్టినా కదల్లేదు. ఇదిగో, ఈ గూట్లోనే పడుకోబెట్టాను, చల్లగా ఉంటుందని. అతని బట్టలు నేనే ఉతికాను. నా సొంత తమ్ముడికి చేసినట్టు చేశాను."

"నీళ్ళు పట్టారా చాచా?" ఆ ప్రశ్న నర్సు నోటి నుంచి అలవాటుగా వచ్చేసింది.

"నీళ్ళా!" ముసలాయన నిటారుగా కూర్చున్నాడు. "చుక్క తగలనివ్వలేదు. విరేచనాలు పట్టుకున్నవాడికి నీళ్ళు పోస్తే ఇంకా ఎక్కువవుతాయి కదా. మా నాన్న నేర్పిన మాట. అందరికీ గట్టిగా చెప్పాను, ఇతను ఎంత బతిమాలినా ఇవ్వొద్దని. ఒకసారి పాక్కుంటూ డ్రమ్ము దాకా పోయాడు. నేను చూసి, చంటిపిల్లాడిని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి మళ్ళీ పడుకోబెట్టాను. ఆ తర్వాత డ్రమ్ము మూత మీద నేనే కూర్చున్నాను. కునుకు కూడా తీయలేదు."

మరియకుమారి అతని చేతుల వంక చూసింది. పెద్ద చేతులు, వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ చేతులే ఎత్తుకొచ్చాయి.

ఎండాకాలంలో ఆమె వార్డుకు అట్లాంటివాళ్ళు రోజూ వస్తారు. సైటు మీద పడిపోయినవాళ్ళు, కళ్ళు లోపలికి పోయి, నాలుక పిడచకట్టి, చర్మం గిల్లితే గిల్లినట్టే ఉండిపోయేవాళ్ళు. ఒక సెలైన్ సీసా ఎక్కేసరికి కళ్ళు తెరుస్తారు. సీసా లేకపోయినా పర్వాలేదు. చెంబుడు నీళ్ళు, గుప్పెడు పంచదార, చిటికెడు ఉప్పు. గుక్క గుక్కగా పడుతూ పక్కన కూర్చునే మనిషి ఒకరుంటే చాలు. అన్నయ్యకు ఆ మనిషి ఉన్నాడు. కూర్చున్నాడు కూడా. చుట్టూ గుట్టెడు ఉప్పు ఉంది.

చంపేశావు కదా అని అరవాలనిపించింది. నోరు తెరిచింది కూడా.

ముసలాయన చెప్తూనే ఉన్నాడు. "చివరికి గొంతు పోయింది. పెదవులు మాత్రం కదిలేవి. భార్య పేరు దయ కదా? నాకు చెప్పాడులే. ఆ పేరే తలచుకుంటూ పోయాడు. నేను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. దయా, దయా అని."

"ఎట్లా అన్నాడు చాచా? సరిగ్గా ఎట్లా అన్నాడో అట్లాగే అనండి."

ఇనాయతుల్లా కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. పెదవులు ఎండిపోయినవాడిలాగా మెల్లగా విప్పి, గాలితో అన్నాడు.

"దా... హ... దా..."

దయ అన్నాడో, దాహం అన్నాడో. తెలుగు రాని చెవికి రెండూ ఒకటే. మరియకుమారి ఆ గూటి వంక చూస్తూ ఉండిపోయింది. రెండూ అని ఉండొచ్చు. ఏదన్నాడో తెలిసినవాడు లేడు.

"నువ్వు నర్సువి కదా బేటీ, నీకు తెలుసు" అన్నాడు ముసలాయన. అతని గొంతులో అనుమానం అన్నది లేదు. "ఆ రోగం పట్టుకుంటే ఇక అంతే కదా."

మరియకుమారి చూపు గూటి మీద నుంచి అతని మొహం వైపు తిప్పింది.

"అంతే చాచా. మీరు చేయాల్సిందంతా చేశారు."

సమాధి గుట్టకు అవతలి వైపు ఉంది. ఇసుక మీద మనిషి పొడవున ఉప్పురాళ్ళ వరుస. వానొచ్చినప్పుడల్లా కరిగిపోతాయని, మళ్ళీ లోపలి నుంచి తెచ్చి పేరుస్తుంటానని చెప్పాడు. మేస్త్రీ మనుషులు గబగబా పూడ్చేసి పోదామంటే, స్నానం చేయించందే కదలనని పట్టుబట్టాడట.

"మీ వాళ్ళని ఎటువైపు పడుకోబెడతారో నాకు తెలియదు. మా వాళ్ళలాగా కిబ్లా వైపు, మక్కా ఉన్న దిక్కుకు, పడుకోబెట్టాను. నాకు వచ్చిన దువా చదివాను. మెడలో సిలువ ఉంటే దాన్ని మాత్రం తియ్యలేదు. అది అతనిది కదా. తప్పేమైనా ఉంటే మాఫ్ చెయ్యి."

మరియకుమారి మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్లప్పుడు ఉప్పు మడి గట్టు మీద అన్నయ్య ఆమెను భుజాల మీద ఎక్కించుకుని పరుగెత్తేవాడు. పడతానని ఆమె అరిస్తే, పట్టుకున్నా కదే అనేవాడు. ఇసుక మీద తల ఆనించి అప్పుడు ఏడ్చింది. షావలి దూరంగా నిలబడి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆ వేసవి సెలవులో ఆమె ఇంటికి పోయింది. వదినను హాస్టలు వంటింటి వెనక వేపచెట్టు నీడన కూర్చోబెట్టి చెప్పింది. దయాకుమారి మధ్యలో అడ్డం రాలేదు. అంతా విన్నాక, చీర కుచ్చెళ్ళు సవరించుకుంటూ అడిగింది.

"బాధ పడ్డాడా?"

"లేదు వదినా. జ్వరంతో మత్తుగా పడుకుని అట్లాగే పోయాడు."

"పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"ఉన్నాడు. ఆ ముసలాయన ఒక్క క్షణం కూడా వదల్లేదు."

"ఏమన్నా అన్నాడంటనా?"

మరియకుమారి వదిన కళ్ళలోకి చూసింది. "నీ పేరు. నీ పేరే అన్నాడంట, చివరిదాకా."

దయాకుమారి కొంగు నోట్లో కుక్కుకుని ముందుకు వంగిపోయింది. తర్వాత కొంగు తీసి అంది.

"ఇన్నేళ్ళూ నన్ను మర్చిపోయాడనుకున్నానే. అక్కడెవతెనో కట్టుకుని నన్ను మర్చిపోయాడని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఆయన నన్ను పిలుస్తుంటే ఇక్కడ నేను తిట్టుకుంటున్నానే."

మరియకుమారి ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది. ఆ ఏడుపు ఆపడానికి ఆమె దగ్గర నిజం ఏదీ లేదు.

పాస్టరుగారు ఆదివారం ఆనందకుమార్ పేరున జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. దయాకుమారి తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఇన్నాళ్ళకు తనకంటూ ఒక చోటు దొరికినట్టు కూర్చుంది. సెలవు అయిపోయి మరియకుమారి బయల్దేరేటప్పుడు చీరాల నేత తువ్వాలు ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చింది.

"ఆ పెద్దాయనకివ్వు. నా తరఫున ఆయన కాళ్ళకు దండం పెట్టు. అయినవాళ్ళు ఒక్కరు దగ్గర లేకపోయినా నా మనిషిని చూసుకున్నాడు."

మరుసటి ఏడు దయాకుమారి రత్నబాబును పెళ్ళి చేసుకుంది. ఆ కబురు అందేసరికి మరియకుమారి తువ్వాలు ఇచ్చి వచ్చి చాలా రోజులైంది.

ఆమె సెలవు నుంచి తిరిగొచ్చిన కొత్తలోనే షావలి ఒక శుక్రవారం తెలిసినవాళ్ళ కారు అడిగి తీసుకుని ఆమెను గుట్టకు తీసుకుపోయాడు. ఇనాయతుల్లా తువ్వాలును రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. మడత విప్పి, అంచు తడిమి చూసి, భుజం మీద వేసుకున్నాడు. ఆమె వంగి అతని కాళ్ళకు దండం పెట్టబోతే గాభరాపడి వెనక్కి జరిగాడు.

"వద్దు బేటీ, వద్దు. నేనేం చేశాను!"

"మా వదిన పెట్టమంది" అని ఆమె పెట్టింది. వంగినప్పుడు అతని పాదాలు కనిపించాయి. పగుళ్ళలో ఉప్పు పేరుకుని తెల్లగా ఉన్నాయి. లేచేటప్పుడు ఆమెలో కోపం ఏమైనా మిగిలి ఉందేమోనని వెతుక్కుంది. ఉంది. దానితో పాటే ఆ ముసలివాడి మీద జాలీ ఉంది. రెండింటినీ ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"ఇక నేను మా ఊరు పోతాను" అన్నాడతను. "ఇతన్ని ఒంటరిగా వదిలిపోలేక ఇన్నాళ్ళూ ఉండిపోయాను. ఇప్పుడు నీకు అప్పగించాను."

తిరిగి వచ్చేటప్పుడు షావలి తరీఫ్ దగ్గర పడ్డాక అడిగాడు.

"ఎంత మంచోడు సిస్టరమ్మా ఆ ముసలాయప్ప. ఇంతకీ మీ అన్నకు ఏం జబ్బు చేసిందంటా?"

మరియకుమారి కిటికీ అద్దం కిందికి దించింది. వేడిగాలి మొహానికి కొట్టింది.

"జ్వరం" అంది.